వేటు, పోటు, గాయము: పాత్రధారణ క్రీడలలోని యుద్ధమును గూర్చి



గత విద్యాసంవత్సరమున మన పాఠశాలలో జరిగిన వక్తృత్వపు పోటీకి విషయమును విద్యార్థులే యెన్నుకొనవచ్చునని నేను అనుమతించితిని. పరిశుభ్రత, దేశభక్తి, వృక్షసంరక్షణము వంటి వానిలో నేదో యొకటి వచ్చునని నా తలంపు. వారు వ్రాసి తెచ్చినది వేరు. "పాత్రధారణ వీడియో క్రీడలలో యుద్ధము యథార్థముగ నుండవలెనా, వీరాద్భుతముగ నుండవలెనా?" అని కాగితముమీద చక్కని దస్తూరితో వ్రాసియుండెను. ఇచ్చిన మాటను త్రోసివేయజాలక అంగీకరించితిని.

యథార్థపక్షమున పదవ తరగతి బాలిక యొకతె మాటలాడెను. కత్తి తగిలిన చోట నెత్తురు రావలెను, నెత్తురు పోయినవాడు సోలవలెను, సోలినవాడు వెనుకకు తగ్గవలెను. అట్లు గానిచో కత్తికిని పూలదండకును భేదమేమని యామె వాదము. అద్భుతపక్షమున తొమ్మిదవ తరగతి బాలుడు లేచి, "దెబ్బ తిన్న మనుష్యుడు ఎట్లు బాధపడునో చూచుటకు ఆట యెందుకండీ? మా నాయన మిల్లులో రాత్రి పని ముగించి వచ్చునప్పుడు దినమును చూచుచునే యున్నాను. ఆటలోనైనను అలసట లేని మనుష్యుడొకడు ఉండరాదా?" అనెను. సభ యంతయు చప్పట్లు కొట్టెను. అధ్యక్షస్థానమున కూర్చున్న నాకు మాత్రము తీర్పు చెప్పుటకు నోరు రాలేదు. బహుమతిని ఇరువురికిని పంచి తప్పించుకొంటిని. తానెరుగని విషయమున తీర్పు చెప్పుట ఉపాధ్యాయునకు తగదు గదా. ఆ దినమున చెప్పజాలని దానిని ఇప్పుడు వ్రాయుచున్నాను.

వేసవి సెలవులలో నా మేనల్లుడు తన కంప్యూటరుతో మా యింటికి వచ్చి పదునైదు దినము లుండెను. వానిని గురువుగా జేసికొంటిని. నా యేబదినాలుగవ యేట ఈ విద్యారంభము జరిగెను. మొదటి సాయంకాలముననే అడవిదారిలో ఇద్దరు దొంగలచేత నాలుగు మారులు చచ్చితిని. "మామా, నీవు కత్తిని ఊరక త్రిప్పుచున్నావు. ఎదుటివాడు నీ యూపిరి అయిపోవువరకు చూచుచు నిలిచియున్నాడు" అని వాడు నవ్వెను. ఆ మాట నాకు మిక్కిలి నచ్చినది. నా చిన్ననాట సింగానల్లూరు చెరువు గట్టుక్రింద మాకు కర్రసాము నేర్పిన పెద్దాయనయు సరిగ ఇట్లే చెప్పెడివాడు. ఆయన కర్ర తగిలిన నా యెడమచేతి చిటికెనవ్రేలు నేటికిని పూర్తిగా వంగదు.

ఇక విషయమునకు వత్తము. ఆడువాడు కథలోని యొక పాత్రను తనదిగా గైకొని, ఆ పాత్ర చేయవలసిన పనులను తానే నిర్ణయించుచు, అనుభవముచే ఆ పాత్ర బలమును పెంచుకొనుచు పోవు ఆటకు పాత్రధారణ క్రీడ యని పేరు. ఇది కంప్యూటరుతో పుట్టినది కాదు. 1974వ సంవత్సరమున అమెరికా దేశమున గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను ఆటను ప్రకటించిరి. కాగితము, పెన్సిలు, పాచికలు, నలుగురు స్నేహితులు ఉన్న జాలును. ఒకడు కథ చెప్పును. తక్కినవారు ఆ కథలోని వీరులగుదురు. దానికిని పూర్వము జర్మనీలోని ప్రష్యా సైన్యాధికారులు బల్లమీద నమూనా సేనలను కదల్చి యుద్ధవిద్య నభ్యసించెడివారు. అంతకును పూర్వము మన చతురంగ మున్నది. పదాతి ముందుకు నడచి నడచి చివరి గడి చేరినచో మంత్రి యగుట చూచినారు గదా. సామాన్యుడు కష్టపడి గొప్పవాడగుట యను ఈ క్రీడల మూలసూత్రము అందులోనే యున్నదని నాకు తోచును.

ఈ క్రీడలలో ప్రతి పాత్రకును ఇంత ప్రాణమని యొక సంఖ్య యుండును. వీనిని హిట్ పాయింట్లందురు. దెబ్బ తగిలినపుడెల్ల ఆ సంఖ్య తగ్గుచుండును. సున్న యైనచో పాత్ర చచ్చును. ఈ యేర్పాటును నౌకాయుద్ధపు ఆటలనుండి తెచ్చుకొంటినని ఆర్నెసన్ చెప్పెను. ఇనుప రేకులు తొడిగిన యోడ యెన్ని గుండ్లకు తాళునో లెక్క కట్టెడి పద్ధతిని మనుష్యునకు తగిలించిరన్నమాట. అన్ని తగవులకును మూలము ఇచ్చటనే యున్నది. ఓడ గుండు తిన్నను కుంటదు. మనుష్యుడు కుంటును. ఆటలోని వీరునకు నూరు ప్రాణాంకము లుండి తొంబదితొమ్మిది పోయినను, మిగిలిన యొక్క యంకముతో వాడు మొదటివలెనే పరుగెత్తును, మొదటివలెనే నరకును. ఆ యొక్కటియు పోగానే మొదలు నరికిన అరటిచెట్టువలె పడును. ఆరోగ్యమునకును మృత్యువునకును నడుమ గాయమను స్థితియే యచ్చట లేదు.

గైగాక్సునకు ఈ యాక్షేపణ తెలియకపోలేదు. 1979లో వెలువడిన తన గ్రంథమున నతడు దీనికి సమాధానము వ్రాసెను: ఈ సంఖ్య యంతయు దేహమునకు తగిలిన గాయము కాదు, వీరుని నేర్పు, అదృష్టము, దైవానుగ్రహము కూడ అందు చేరియున్నవి, సంఖ్య తగ్గుట యనగా ఆ రక్షలు ఒక్కొక్కటిగా తొలగిపోవుటయే. తెలివైన సమాధానమే. మన పురాణముల వాసన గూడ అందున్నది. కర్ణుని కవచకుండలములు పోయినవి, గురుశాపము తగిలినది, విప్రశాపము తగిలినది, తుదకు రథచక్రము క్రుంగినది; ఆ పిమ్మటనే బాణము తగిలినది. కాని కంప్యూటరు తెరమీద కనబడునది కత్తి దేహమున దిగుటయే కాని యదృష్టము తొలగుట కాదు. చూచు కన్ను ఒకటి చెప్పును, లెక్క వేరొకటి చెప్పును.

జపానులో 1986లో వచ్చిన "డ్రాగన్ క్వెస్ట్" మొదలైన క్రీడలలో ఒకరి తరువాత నొకరు వంతుల ప్రకారము కొట్టుదురు. నా దెబ్బ అగువరకు రాక్షసుడు మర్యాదగా నిలిచియుండును. నగుబాటని మీరనుకొనవచ్చును. కాని మన తోలుబొమ్మలాటలో రావణుడు పద్యము పాడి ముగించువరకు రాముడు విల్లెత్తి వేచియుండడా? ఎవ్వరును నవ్వరు. అది ఆ కళ యొక్క ఒప్పందము.

వీరాద్భుతమునకు నేటి యుదాహరణముగ 2011లో అమెరికాలో వెలువడిన "స్కైరిమ్" అను క్రీడను మేనల్లుడు నాకు చూపెను. అందులో రాక్షసబల్లి మీదికి వచ్చుచుండగా ఆటను నిలిపి, సంచిలోని జున్నుగడ్డలను పది పదునైదు తిని, ప్రాణము నింపుకొని, మరల కత్తి పట్టవచ్చును. పెండ్లిపందిట్లో మూడు పంక్తులలో కూర్చుండగలవాడు కూడ అంత తినజాలడు. నేను నవ్వితిని. వాడు కొంచెము నొచ్చుకొనెను. తరువాత మంచుకొండమీద నిలిచి ఆ బల్లిని గెలిచినప్పుడు నాకును ఒడలు పులకరించిన మాట దాచను. తొమ్మిదవ తరగతి బాలుడు చెప్పినది అప్పుడు బోధపడెను. దినమంతయు ఇతరుల యాజ్ఞలలో నుండువానికి, తన చేతి బలమునకు లోకము లొంగునట్టి ఘడియ యొకటి కావలెను.

యథార్థమునకు ఉదాహరణము, నన్ను నాలుగు మారులు చంపినదే. దాని పేరు "కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్". చెక్ దేశమందలి ప్రాగు నగరపు వార్‌హార్స్ స్టూడియో వారు 2018లో వెలువరించిరి. రెండవ భాగము 2025లో వచ్చినది. కథ 1403వ సంవత్సరమున బొహీమియాలో జరుగును. నాయకుడు హెన్రీ కమ్మరి కొడుకు. మొదట వానికి కత్తి పట్టుట రాదు, చదువుట రాదు. అక్షరములు నేర్చుకొనువరకు పుస్తకము తెరచినను అక్షరములు తారుమారుగా కనబడును. ఉపాధ్యాయుడనగుటచే ఇది నాకు యుద్ధముకంటెను నచ్చినది. వాడు తినవలెను, నిద్రింపవలెను. దెబ్బ తగిలి నెత్తురు కారుచుండగా గుడ్డతో కట్టు కట్టకున్నచో కారి కారి చచ్చును. ఇనుప శిరస్త్రాణపు ముసుగు దించినచో దృష్టి సన్నగిలును. ముగ్గురు చుట్టుముట్టినచో పారిపోవుటయే బుద్ధి.

ఈ క్రీడలో ఆయుధములకు మూడు విధముల గుణములను వేరువేరుగ లెక్కింతురు: అంచుతో నరకుట, మొనతో పొడుచుట, బరువుతో మోదుట. ఇనుప కవచము తొడిగినవానిని ఎంత నరికినను ప్రయోజనము లేదు. సందులో పొడువవలెను, లేదా గదతో మోదవలెను. ఇది చరిత్ర సమ్మతమే. సినిమాలలో చూపునట్లు ఖడ్గము ఉక్కుకవచమును గుమ్మడికాయవలె చీల్చదు. యూరపు మధ్యయుగపు ఒంటిచేతి ఖడ్గము సాధారణముగ కిలోగ్రాముకంటె కొంచెమే యెక్కువ తూగును. పది కిలోల ఖడ్గము ఆటలోనిదే కాని చరిత్రలోనిది కాదు.

ఇచ్చట పాఠము నొక్క నిమిషము ప్రక్కదారి పట్టింతును. ఆ మూడు విధములకును తెలుగున పేర్లు వెదుకబోగా, వెదుకనక్కరయే లేదని తెలిసెను. వ్రేయుటనుండి వేటు, పొడుచుటనుండి పోటు వచ్చినవి. బాణమును ఏయుదురు, కనుకనే ఏటు. కత్తితో నరుకుదురు, బల్లెముతో పొడుతురు, గదతో మోదుదురు, రాయిని రువ్వుదురు, పిడికిట గ్రుద్దుదురు. తప్పించుకొనుట వేరు, కాచుకొనుట వేరు. మన పూర్వులు ఈ పనులను దగ్గరనుండి చూచినవారు గనుక ప్రతిదానికిని ఒక్కొక్క మాటను పెట్టుకొనిరి. మీరు ఆడుకొనుచున్నప్పుడు వరండాలో నిలిచి వింటిని: అన్నిటికిని "అటాక్" అను నొక్క మాటయే. ఇంట తెలుగు, వీధిలో తమిళము, ఆటలో ఆంగ్లము మాటలాడు మనబోటి వారికి ఇంటిమాట మొదట అరుగును. వచ్చే మారు ఆడునప్పుడు వేటనుడు, పోటనుడు, ఆట చెడిపోదు.

మరల విషయమునకు. యథార్థ క్రీడ యని పేరుపడిన దానిలోను యథార్థము కొంతయే. రాత్రి మంచముమీద నిద్రించి లేచినచో హెన్రీ గాయము చాలవరకు మానిపోవును. విరిగిన యెముక, చీము పట్టిన పుండు, నెల దినముల జ్వరము ఇవి లేవు. కత్తి పట్టుట రాని కమ్మరి కొడుకు ఆట ముగియులోపల ఎందరిని చంపునో లెక్క పెట్టినచో భీముడు కూడ సిగ్గుపడును. ఆటను భద్రపరచుకొనుటకు ఒక విధమగు సారాయి త్రాగవలెను. త్రాగి భద్రపరచినచో చచ్చినవాడు మరల వచ్చును. కావున యథార్థమనునదియు ఏరుకొన్నదే. శిల్పి ఏ గాయమును చూపవలెనో, దేనిని దాచవలెనో నిర్ణయించుకొనును. అట్లే అద్భుతమనునదియు కట్టుబాటు లేనిది కాదు.

ఈ రెండవ మాట మన కథలు తెలిసినవారికి సులభముగ బోధపడును. మా యవ్వ చెప్పిన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణము వాని దేహమున లేదు. ఏడు సముద్రముల కావల చిలుకలో నున్నది. కత్తితో వాని నెన్ని మారులు నరికినను లాభము లేదు. బాలవర్ధి చిలుకను పట్టవలెను. ఇది అద్భుతమే, కాని యెంత కఠినమైన నియమము! కథ చెప్పు అవ్వ నడుమ మనసు మార్చుకొని ఫకీరును ఉత్త కత్తిపోటుతో చంపినచో విను పిల్లలు ఊరుకొందురా? భారతమున ఇంద్రుడిచ్చిన శక్తిని కర్ణుడు ఒక్కమారే ప్రయోగింపవచ్చును. అర్జునునికై దాచిన దానిని ఘటోత్కచునిమీద వేయవలసివచ్చెను. ఆ క్షణముననే కర్ణుని మరణము నిశ్చయమైనది. గదాయుద్ధమున నాభికి క్రింద కొట్టరాదు. భీముడు తొడ విరుగగొట్టెను, బలరాముడు నాగలి యెత్తెను. అభిమన్యుడు వ్యూహమున ప్రవేశించుట నెరుగును, వెలికి వచ్చుట నెరుగడు. దివ్యాస్త్రములు, మాయాయుద్ధములు ఎన్ని యున్నను ఈ కథ మనలను పట్టి నిలుపుట, ప్రతి శక్తికిని ఒక వెల, ప్రతి వరమునకును ఒక మేర యుండుటచేతనే. జున్నుగడ్డల సంచి యట్టిది కాదు. దానికి వెల లేదు. నాకు నవ్వు వచ్చినది అందుచేత గాని, రాక్షసబల్లి లోకమున లేదని కాదు.

కొంగునాటి పల్లెలలో పులికుత్తి శిలలను మీలో కొందరు చూచియుందురు. పశువుల మందను కాచుచు పులితో పోరిన వీరునకై నాటిన రాళ్లవి. మనుష్యుడు పులిని పొడుచుచుండును, పులి మనుష్యునిమీదికి పంజా లెత్తియుండును. రెండును ఒక్క రాతిలో. శిల్పమున వీరునకు నలుక కూడ చెదరదు, మొగమున బాధ లేదు; అది యద్భుతశైలి. కాని ఆ రాయి నాటినది వాడు చచ్చినందున. ఆ రాతి యెదుట నిలిచిన ప్రతివాడును ఆ సంగతి నెరుగును. పల్నాటి కారెంపూడిలోని వీరుల గుడియు నట్టిదే. పండ్రెండవ శతాబ్దపు పల్నాటి యుద్ధమున పడిన వీరుల యాయుధములను అచ్చట కార్తికమాసమున నేటికిని పూజింతురు. కోడిపందెముతో ముదిరిన పగ, దాయాదుల పోరు, ఇరువైపుల బంధునాశము. శ్రీనాథుని పేర నున్న ద్విపద కావ్యము బాలచంద్రుని శౌర్యము నెంత పొగడినను, ఆ యుద్ధము ఎవరికిని మేలు చేసినదని ఎవ్వరును అనుకొనరు.

మనకు ఇంకను దగ్గరి కథ పాంచాలంకురిచ్చిది. మనలో పలువురు 1959 నాటి తమిళ చలనచిత్రమున శివాజీ గణేశన్ ధరించిన వీరపాండ్య కట్టబొమ్మనను చూచియే వీరుడన నెట్లుండునో తెలిసికొన్నవారము. ఆయన రాజకంబళ నాయకర్ల కులమువాడు. ఆ కులమువారి యింటిభాష తెలుగు. కోయంబత్తూరు, మధుర, తిరునెల్వేలి సీమలలో కంబళత్తు నాయకర్లు నేటికిని దేవరాట్టమను నృత్యము నాడుదురు. 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారులో కట్టబొమ్మనను కుంఫిణీవారు ఉరితీసిరి. కోటను నేలమట్టము చేసిరి. సినిమా అచ్చట ముగియును. చరిత్ర ముగియలేదు.

ఆయన తమ్ముడు ఊమైదొర మాటలాడుటకు శక్తి లేనివాడు. 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెరనుండి తప్పించుకొని వచ్చి, కూలిన కోటను కొద్ది దినములలోనే మంటితో మరల లేపెను. ఆ మంటికోటమీదికి 1801 మార్చి 31వ తేదీన కుంఫిణీ సేన ఎక్కబోయి, పలువురను పోగొట్టుకొని వెనుదిరిగెను. మరి రెండు మాసములకు దగ్గరగా కోట నిలిచినది. క్రొత్త సేనలు, పెద్ద ఫిరంగులు వచ్చిన పిమ్మట మే 24వ తేదీన పడినది. ఈటెలకును ఫిరంగులకును జరిగిన పోరు అది. ఆ సేనలో నుండిన జేమ్స్ వెల్ష్ అను నధికారి తన జ్ఞాపకములను 1830లో లండనులో ప్రకటించెను. శత్రువై యుండియు నతడు ఊమైదొరను గూర్చి వ్రాసిన తీరు గౌరవముతో గూడినది. సన్నని దేహము, పిల్లవానివంటి యాకారము, మాట లేదు; సంజ్ఞ చేసినచో వేయిమంది ప్రాణమిచ్చెడివారట.

కోట పడిన తరువాత నేమి జరిగినదో వెల్ష్ చెప్పిన వృత్తాంతమును మీరు శ్రద్ధగా చదువవలెను. సమీప గ్రామమునుండి యొక తల్లి, శవముల నడుమ తన కొడుకును వెదకుచు వచ్చినది. కొడుకు ఇంకను ఊపిరితో నున్నాడు. వానిని లేవనెత్తబోగా వాడు, నన్ను విడువుము, ఆ ప్రక్కన స్వామి గాయపడి పడియున్నాడు, ఆయనను కాపాడుము అని వేడినాడు. స్త్రీలు ఊమైదొరను మోసికొని యింటికి చేర్చిరి. వెదకువారు ఆ యూరికి వచ్చుచున్నారని తెలియగానే ఆయనను తెల్లని వస్త్రముతో కప్పి, చుట్టును కూర్చుండి శోకములు పెట్టిరి. అమ్మవారు పోసి చచ్చినవాడని చెప్పిరి. మశూచికమునకు భయపడని మనుష్యుడు ఆ కాలమున లేడు. వెదకవచ్చినవారు వెనుకకు చూడక పారిపోయిరి.

ఊమైదొర తరువాత శివగంగ మరుదు సోదరులతో గూడి పోరి, పట్టుబడి, 1801 నవంబరులో ఉరితీయబడెను. 1974లో తమిళనాడు ప్రభుత్వము పాంచాలంకురిచ్చిలో స్మారకముగ కట్టించిన కోటకు మన విద్యార్థులను విహారయాత్రగా నేను తీసికొనిపోయియుంటిని. ఫిరంగిని చూచి మురిసినవారే అందరును. ఆ తల్లిని గూర్చి చెప్పుట నాడు నాకును తోచలేదు.

నేను చూచిన యే క్రీడలోను ఆ స్త్రీల పాత్ర లేదు. అద్భుత క్రీడలో గాయపడిన వీరుడు ఔషధపు బుడ్డి త్రాగును. యథార్థ క్రీడలో తానే కట్టు కట్టుకొనును, లేదా నాణెములిచ్చి వైద్యుని చూచును. ఒకడు గాయపడినచో వాని బరువును వేరొకరు మోయవలెనను సంగతి రెంటను మరుగుపడినది. నిజమైన గాయమునకు మొదటి లక్షణమే అది. గాయము ఒక్కనిది కాదు. కవచమున నెన్ని పొరలున్నవో, కత్తి యెన్ని దిక్కుల తిరుగునో లెక్కించిన యథార్థపక్షమువారు ఈ లెక్కను ఎందుకు మరచిరో తెలియదు. బహుశః ఆట ఒక్కడే యాడునది గనుక గావచ్చును.

మన దేశపు ప్రయత్నమును గూర్చి ఒక్కమాట. పూనా నగరమున నోడింగ్ హెడ్స్ గేమ్స్ వారు 2020లో "రాజీ" అను క్రీడను వెలువరించిరి. ఇది పూర్తిగా పాత్రధారణ క్రీడ కాదు, సాహసక్రీడ. సర్కసు చేయు బాలిక, అసురులెత్తుకొనిపోయిన తమ్ముని కొరకు దేవతలిచ్చిన యాయుధములతో పోరును. నడుమ కథను తోలుబొమ్మల నీడలవలె చూపుదురు. అద్భుతమే యైనను, పోరుటకు కారణము తెలిసినందున ప్రతి దెబ్బకును అర్థము వచ్చినది. తెలుగు చలనచిత్రమునుబట్టి 2017లో వచ్చిన "బాహుబలి" ఫోను క్రీడ రాజ్యమును కట్టి సేనలను పెంచునది. అందు గాయపడిన సైనికుని మొగము కనబడదు. పాంచాలంకురిచ్చి కథను గాని కారెంపూడి కథను గాని మీలో నెవరైనను పెద్దవారై క్రీడగా కట్టుదురేమో. అప్పటికి నేను బ్రతికియున్నచో మరల నాలుగు మారులు చచ్చుటకు సిద్ధముగ నున్నాను.

తీర్పు చెప్పవలెను గదా. గాయమునకు వెల యుండవలెనన్న బాలిక మాట సరియైనది. ఆటను మిల్లుగా చేయరాదన్న బాలుని మాటయు సరియైనది. కాని ఇరువురును ఒకే దానిని రెండు వైపులనుండి అడిగిరని నా యభిప్రాయము. లోకమున రాక్షసబల్లు లున్నవా యని క్రీడను అడుగరాదు. తాను మొదట పెట్టిన నియమమును తుదివరకు పాటించినదా యని అడుగవలెను. దెబ్బ తిన్న తరువాత కథలో నేదైనను మారినదా యని అడుగవలెను. ఆ ప్రశ్నలకు చిలుకలో ప్రాణము దాచిన ఫకీరు కథ నిలుచును, మూడు పొరల కవచము తొడిగి ఒక్క నిద్రతో మానిపోవు యోధుని కథ నిలువదు. బహుమతిని మరల నిచ్చు అవకాశమున్నచో, బాలికకు ఒక మార్కు ఎక్కువ వేసెడివాడను. ఆమె "సోలినవాడు వెనుకకు తగ్గవలెను" అన్న మాటకు.

ఆ సభ జరిగిన మూడవ వారమున నొక సంగతి జరిగెను. ఎనిమిదవ తరగతి బాలురిద్దరు, ప్రాణస్నేహితులు, బడి విడిచిన తరువాత వేపబెత్తములతో ఆటలోని వీరులవలె పోరిరి. ఒకడు కాచుకొనుటకు చేయి అడ్డుపెట్టెను. కుడి మణికట్టునకు పైన నెముక చిట్లెను. వానిని మోసికొని మొదట నా గదికి వచ్చినవాడు, కొట్టినవాడే. వాడు వణకుచుండెను, చేయి విరిగినవాడు ఏడ్వలేదు. నేను కేకలు వేసితిని. ఆటలన్నియు మాన్పించెదనని, తండ్రులను పిలిపించెదనని, ఏమేమో అంటిని. తరువాత కొట్టినవాని తల్లి వచ్చి, విరిగినవాని యింటికి దినమును కోడిగ్రుడ్లు పంపుచున్నానని చెప్పినప్పుడు నా కేకలకు నేనే సిగ్గుపడితిని.

ఆరు వారములు పిండికట్టు. త్రైమాసిక పరీక్షకు వాడు వ్రాయజాలడు. కొట్టినవాడు తన పాఠములు వ్రాసికొని, అటుపిమ్మట వాని పుస్తకములన్నిటను వ్రాయుచుండెను, ఎవ్వరును చెప్పలేదు. వార్షిక పరీక్షకు ముందు తెలుగు నోటు పుస్తకములు దిద్దుటకు నా బల్లమీదికి వచ్చినవి. అందొక పుస్తకమున మొదటి పుటలు ఒక దస్తూరి. నడుమ పదునెనిమిది పుటలు వేరొక దస్తూరి, అక్షరములు లావుగా, తప్పులు మెండుగా. ఆ తరువాత మరల మొదటి దస్తూరియే, కొంచెము వంకరగా. నడుమ పుటలలోని తప్పులను ఎవరి మార్కులలో తగ్గించవలెనో తెలియక, ఎఱ్ఱసిరాతో దిద్ది, మార్కు వేయక వదలితిని.